మూసేసిన పేజీ

ఇప్పుడు కంప్యూటర్లు పెట్టిన ఆ గది ఒకప్పుడు మఠంలో ఇస్త్రీ గది. పొడుగాటి బల్లలు అవే, గోడకు కొట్టిన కొక్కేలు అవే, వాన పడితే వచ్చే గంజి వాసన కూడా అదే. ఆ గదిని ఏలే మనిషి ఒక్కతే. అందరూ ఆమెను వెబ్బమ్మ అంటారు. వెనకాల కాదు, మొహం మీదే అంటారు. మొదట్లో మూతి ముడుచుకునేది గానీ, పోనుపోను ఆ పేరుకే పలకడం అలవాటైపోయింది.

నిజానికి ఆమె నేర్చిన పని కానుపులు చేయడం. ఆ మఠం సిస్టర్ల సభవారి ఆసుపత్రిలో, ప్రసూతి వార్డులో, ఏళ్ళ తరబడి నర్సుగా పనిచేసింది. ఎదురుకాళ్ళతో వచ్చే బిడ్డనైనా ఆ చేతులు పదిలంగా పట్టుకుని ఈ లోకంలోకి తెచ్చేవి. అలాంటి చేతులతో ఒకసారి, ఏదో పని మీద ప్రధాన మఠానికి వచ్చినప్పుడు, ప్రింటర్లో ఇరుక్కుపోయిన కాగితాన్ని అందరి ముందూ సుతారంగా బయటికి లాగింది. బిడ్డల్ని లాగిన మనిషికి కాగితం ఒక లెక్కా? చూసినవాళ్ళు అలా అనుకోలేదు. ఈవిడకు యంత్రాలు తెలుసని తీర్మానించేశారు. సరిగ్గా అప్పుడే సభ వెబ్‌సైటు చూసుకునే సిస్టర్ జబ్బుపడింది. ఆవిడ కోలుకునేదాకా నువ్వు చూడమ్మా అన్నారు. ఆవిడ కోలుకుంది, ఇంకో దేశం వెళ్ళింది, హాయిగా ఒళ్ళు కూడా చేసింది. వెబ్బమ్మ మాత్రం ఆ కుర్చీలోనే ఉండిపోయింది. విధేయంగా ఉంటానని దేవుడి ముందు ప్రమాణం చేశాక, నాకీ పని ఇష్టం లేదనడానికి నోరు రాదు. నోరు రాకపోయినా మనసు ఊరుకోదు కదా. కిటికీ కింద నుంచి అంబులెన్సు వెళ్తే చాలు, కీబోర్డు మీద ఆమె చేతులు ఆగిపోయేవి.

ఆ సభకు చాలా దేశాల్లో ఇళ్ళున్నాయి. ఎక్కడో బడి, ఎక్కడో ఆసుపత్రి, ఎక్కడో పెద్ద వయసు సిస్టర్లు విశ్రాంతి తీసుకునే ఇల్లు. ఒకరి కబురు ఒకరికి చేర్చేది ఆ వెబ్‌సైటే. ఎవరు కొత్తగా సభలో చేరారు, ఎవరు కాలం చేశారు, ఎవరికి ఆపరేషన్ అయింది, ఏ కొత్త బడికి పైకప్పు వేశారు, అంతా రోజుకొక పేజీగా అరడజను భాషల్లో వచ్చేది. దానికో కట్టుబాటు ఉంది. అన్ని భాషలూ సిద్ధమైతే గానీ ఏ ఒక్క భాషా బయటికి రాకూడదు. అక్కచెల్లెళ్ళలో ఒకరికి ముందూ ఒకరికి వెనకా చెప్పడం న్యాయం కాదని ఎప్పుడో ఒక మదర్ గారు పెట్టిన నియమం అది. వినడానికి ఎంత బాగుందో పాటించడానికి అంత ప్రాణాంతకం.

ఎందుకంటే, అన్ని భాషలూ వచ్చి కూర్చున్నా ఒక భాష రాదు. సభలో ఆ భాష వాళ్ళున్న ఇళ్ళు తక్కువ కాబట్టి దాన్ని అందరూ చిన్న భాష అనేవారు. అందులోకి తర్జుమా చేసే సిస్టర్‌కు దుబాసీ అని పేరు. ఆమె ప్రధాన మఠంలో చదువుకుని, రెండు భాషలూ వంటబట్టించుకుని, తమ దేశంలోనే ఎక్కడో కొండల మధ్య దవాఖానకు వెళ్ళింది. రోగులందరూ వెళ్ళాక, కరెంటు ఉంటే, అప్పుడు కూర్చుని తర్జుమా చేసి పంపేది. అది వచ్చేసరికి వెబ్బమ్మ తలప్రాణం తోకకొచ్చేది. పోనీ, వచ్చింది కుదురుగా ఉంటుందా? రెండు ముక్కల్లో తేలాల్సిన విషయం అందులో అయిదారు వాక్యాలయ్యేది. ఒక మనిషి పేరు వచ్చిన ప్రతిచోటా ఆ మనిషి ఎవరో, ఎక్కడుంటుందో మళ్ళీ మొదటి నుంచి చెప్పేది. పేజీలో గీసిపెట్టిన గళ్ళలో అది పట్టేది కాదు. బొమ్మలు కిందికి జారేవి, తేదీలు బొమ్మల మీదెక్కి కూర్చునేవి. కొంచెం కుదించమ్మా అని వెబ్బమ్మ ఎన్ని మెయిళ్ళు పెట్టిందో. అలాగే సిస్టర్ అని జవాబు వచ్చేది, మర్నాడు ఇంకో రెండు వాక్యాలు ఎక్కువ వచ్చేవి.

ఇలా ఉండగా మదర్ గారికి ఒక ఆలోచన వచ్చింది. సభ మొత్తానికి పెద్దదిక్కు ఆవిడ. మాట తక్కువ, ఇచ్చిన మాట తప్పడం అసలే లేదు. వెబ్‌సైటును బయటి కంపెనీకి అప్పగిస్తే వెబ్బమ్మను వార్డుకు పంపవచ్చు కదా అన్నారు. ఆ మాట వినగానే వెబ్బమ్మకు ఆ పూట అన్నం సహించలేదు, సంతోషంతోనే. కంపెనీ వాళ్ళు వచ్చారు, చూశారు, పెద్ద భాషలన్నీ చేస్తాం గానీ ఆ చిన్న భాష మావల్ల కాదన్నారు. ఆ భాషను ఎంతమంది చూస్తున్నారో లెక్క తీయమని మదర్ గారు అడిగారు. వెబ్బమ్మ తీసింది. దొంగలెక్క కాదు, యంత్రం చూపించిందే తీసింది. ఆ పేజీని తెరిచేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. పెద్దలు కూర్చుని, ఈపాటి దానికి ఇంత అవస్థ ఎందుకని ఆ భాషను ఆపేయమన్నారు. తను వెళ్ళబోయే తనిఖీ ప్రయాణం ముగిశాక కంపెనీకి తాళాలు అప్పగించి నువ్వు వార్డుకు వెళ్ళిపో అని మదర్ గారు వెబ్బమ్మకు మాటిచ్చారు.

వెబ్బమ్మ ఆ పేజీని మూసేసింది. చిన్న భాష లింకు నొక్కితే ప్రధాన మఠం భాషలోని పేజీ తెరుచుకునేలా పెట్టింది. దాని పైన మాత్రం, ఆ దారిన వచ్చినవాళ్ళకు కనిపించేలా, ఒక చిన్న ప్రకటన రాసింది. దాన్ని చిన్న భాషలో పెట్టడమే మర్యాద, ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. కానీ చిన్న భాషలో రాయగలిగింది దుబాసీ ఒక్కతే. ఇక నీతో పని లేదన్న ముక్కను నువ్వే తర్జుమా చేసి పంపించు అని ఆ పిల్లనే ఎలా అడుగుతుంది? అడగలేక, కృతజ్ఞతలు చెప్తూ ఒక మెయిలు పెట్టి ఊరుకుంది. ప్రకటన ప్రధాన మఠం భాషలోనే, అంటే తన భాషలోనే, ఉండిపోయింది.

తర్వాత రోజూ కాస్త భయపడుతూనే మెయిళ్ళు చూసుకునేది. ఆ భాష ఇళ్ళ నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదు, ఒక్క ఫోను రాలేదు. చూశావా, ఎవరికీ పట్టనే లేదు అని తనకు తనే చెప్పుకుంది. పేజీలన్నీ ముందుగానే పూర్తవుతున్నాయి, గళ్ళన్నీ గళ్ళలాగే ఉంటున్నాయి. వార్డులో వేసుకునే తెల్ల కోటు ఉతికి, పాత బల్ల మీదే ఇస్త్రీ చేసుకుని, కొక్కేనికి తగిలించుకుంది.

మదర్ గారు తనిఖీకి బయల్దేరుతూ ఫొటోలు తీయడానికి వెబ్బమ్మను వెంట తీసుకెళ్ళారు. వెళ్ళింది చిన్న భాష మాట్లాడే ఇళ్ళలో ఒకదానికి. పెద్ద ఇల్లే. ముందువైపు బడి, వెనక సిస్టర్లుండే గదులు, మేడ మీద మంచానపడ్డ ముసలి సిస్టర్లు. ఆ ఇంట్లో ఎవరికీ ప్రధాన మఠం భాష రాదు. అందుకని మాటలు చెప్పడానికి దుబాసీని కొండల మీద నుంచి పిలిపించారు. ఆ పిల్ల బస్సు దిగి దుమ్ము కొట్టుకుపోయి వచ్చింది. వెబ్బమ్మకు ఆమెను చూడగానే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. దుబాసీ చేతులు పట్టుకుని బాగున్నారా సిస్టర్ అంది, ఈ మధ్య కంటినిండా నిద్రపోతున్నానని కూడా అంది. అంటున్నప్పుడు మాత్రం నవ్వలేదు.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. భోజనశాల పొడుగ్గా ఉంది, కిటికీల పక్కన వరసగా బల్లలు, ఒక మూల చిన్న చెక్క పీఠం. చాలా మఠాల్లో ఉన్నట్టే అక్కడా ఒక ఆచారం ఉంది. మధ్యాహ్నం తినేటప్పుడు ఎవరూ మాట్లాడుకోరు, ఒక సిస్టర్ పీఠం దగ్గర నిలబడి ఏదో ఒక మంచి విషయం చదువుతుంటే మిగిలినవాళ్ళు వింటూ తింటారు. ప్రధాన మఠంలో ఆ అలవాటు ఎప్పుడో పోయింది. సిస్టర్లు, బడి పంతులమ్మలు, వంటగదిలో పనిచేసేవాళ్ళు, అందరూ వచ్చి కుర్చీల వెనక నిలబడ్డారు. భోజనానికి ముందు ప్రార్థన చేశారు. అయినా ఎవరూ కూర్చోలేదు. చదివే సిస్టర్ పీఠం దగ్గరికి వెళ్ళి, చేతిలోని ట్యాబ్ నిటారుగా నిలబెట్టి, గొంతు సవరించుకుంది. అందరూ చేతులు జోడించారు.

ఆ సిస్టర్ చదవడం మొదలుపెట్టింది. వెబ్బమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. అది తన భాష. అక్షరాలు తునాతునకలై పడుతున్నాయి, ఆగకూడని చోట ఆగుతోంది, ఆగాల్సిన చోట పరుగెడుతోంది, అయినా తన భాషే. వచ్చిన అతిథుల మీద గౌరవంతో కష్టపడి నేర్చుకున్నారు కాబోలని ఆమె మురిసిపోయింది. పక్కన మదర్ గారి మొహంలోనూ చిరునవ్వు వచ్చింది. అప్పుడు మాటలు మాటలుగా చెవిన పడ్డాయి.

"ఈ భాషలో చదివేవారు కరువైనందున ఈ పేజీని మూసివేయడమైనది. మీ సహనానికి కృతజ్ఞతలు."

"ఆమెన్" అంది భోజనశాల అంతా, ఒక్క గొంతుతో.

కుర్చీలు లాగిన చప్పుడయింది. అందరూ కూర్చున్నారు. వెబ్బమ్మ కూర్చోలేదు. ఆమె కాళ్ళకు ఆ సంగతి తెలియలేదు. మదర్ గారు కొంగు పట్టి లాగినట్టు ఆమె మోచేయి పట్టి మెల్లిగా కూర్చోబెట్టారు. ఎదురుగా దుబాసీ చెంచా పళ్ళెంలో పెట్టేసి తల వంచుకుంది. పాపం, దూరాన ఉండటంతో ఇక్కడ దాన్ని ఇలా చదువుతున్నారని ఆ పిల్లకూ తెలియదు.

రెండు భాషలకూ అక్షరాలు ఒకటే కాబట్టి చదువు ఆగలేదు. ఆ రోజు పేజీ మొత్తం, మొదటి నుంచి చివరిదాకా, చదివే సిస్టర్‌కు గానీ వినేవాళ్ళకు గానీ ఒక్క ముక్క అర్థం కాని భాషలో సాగింది. ఎవరూ విసుక్కోలేదు. ఒళ్ళంతా చెవులు చేసుకుని వింటున్నారు. మధ్యలో ఎక్కడైనా తెలిసిన మనిషి పేరో, తెలిసిన ఊరి పేరో వస్తే తలలు లేచేవి. ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకునేవారు. ఆ మనిషికి మంచి జరిగిందో చెడు జరిగిందో తెలిసే దారి లేదు. పేరు విన్నామన్నదే మిగిలింది. మళ్ళీ తలలు పళ్ళేల మీదికి వంగేవి. వెబ్బమ్మ పళ్ళెం పక్కకు జరిపింది. తిట్టినా బాగుండేది, మెయిళ్ళు కుమ్మరించినా బాగుండేది, ఇలా చేతులు జోడించి నిలబడితే ఏం చేయాలి మనిషి?

భోజనాలయ్యాక వసారాలో మదర్ గారు ఆ ఇంటి పెద్ద సిస్టర్‌ను నెమ్మదిగా అడిగారు, ఆ మొదట చదివింది ఏమిటని. దుబాసీ మధ్యలో నిలబడి మాటలు అటూ ఇటూ చేరవేసింది. పెద్ద సిస్టర్ సంబరంగా చెప్పింది, అది దుబాసీ నోట ఇలా వచ్చింది.

"పెద్దింటి నుంచి కొత్త ప్రార్థన వచ్చింది మదర్ గారూ. రోజూ పేజీ పైన అదే ఉంటోంది, ఒక్క అక్షరం మారదు. రోజూ అదే వస్తోందంటే ప్రార్థనే కదా అని లేచి నిలబడుతున్నాం. అర్థం తెలియకపోతేనేం, మా కోసం ఎవరో కూర్చుని రాసిందేగా."

మరి మీ భాష ఎందుకు రావడం లేదని అడగలేదేమని మదర్ గారు అన్నారు. అడుగుదామనుకున్నాం గానీ అక్కడ వాళ్ళకెన్ని పనులుంటాయో, పైవాళ్ళు పెట్టారంటే కారణం ఉండే ఉంటుందని ఊరుకున్నామని జవాబు వచ్చింది. వెబ్బమ్మ ఇక ఉండబట్టలేక, మీరంతా ఎవరి ఫోనులో వాళ్ళు చదువుకోరా అని అడిగింది. పెద్ద సిస్టర్ ఆశ్చర్యపోయింది. ఇంటికంతటికీ ఒకటే ట్యాబ్. భోజనాల దగ్గర ఒకసారి తెరుస్తారు, అలాగే మూయకుండా మేడ మీదికి తీసుకెళ్ళి మంచానపడ్డవాళ్ళకు చదువుతారు. తక్కిన ఇళ్ళలోనూ అంతేనట. యంత్రం లెక్కలో ఇల్లు ఇల్లంతా కలిసి ఒక్క మనిషి. దుబాసీ ఒకే మనిషిని మళ్ళీ మళ్ళీ ఎవరో చెప్పడం ఎందుకో కూడా వెబ్బమ్మకు అప్పుడు అర్థమైంది. కంటితో చదివేవాళ్ళు పైకి వెళ్ళి చూసుకోగలరు, చెవితో వినేవాళ్ళు చూసుకోలేరు.

వాళ్ళిద్దరూ వెళ్ళాక మదర్ గారు వసారా అరుగు మీద కూర్చుని, పక్కన కూర్చోమన్నట్టు చేత్తో తట్టారు.

"నేను నీకు మాటిచ్చాను, వెనక్కి తీసుకోను. ఇంటికెళ్ళగానే నువ్వు వార్డుకు వెళ్ళిపోవచ్చు. ఈ పేజీ సంగతి ఎవరో ఒకరు చూస్తారులే" అన్నారు మదర్ గారు.

ఆ ఎవరో ఒకరు ఎవరూ లేరని ఇద్దరికీ తెలుసు. కంపెనీ చేయనంది. ఇంకో సిస్టర్‌ను పట్టుకుని నేర్పించాలంటే ఎన్నాళ్ళవుతుందో. వెబ్బమ్మకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో చెప్పమంటే చెప్పలేదు. ప్రింటర్ మీద, ఆ కాగితం మీద, జబ్బుపడి కోలుకుని ఒళ్ళు చేసిన సిస్టర్ మీద, అన్నిటికంటే ఎక్కువగా తన మీద. తనకు వార్డు కావాలి. అదేమీ పాపపు కోరిక కాదు. ఆ కోరికతోనే లెక్క చూసింది, ఆ లెక్క నిజమో కాదో ఇంకోసారి చూడాలనిపించకపోవడానికి కారణమూ అదే. ఆ సంగతి మదర్ గారితో ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆవిడ తల ఊపి, ముందు వీళ్ళకు నిజం చెప్పాలి, నువ్వు చెప్తావా నన్ను చెప్పమంటావా అని అడిగారు. నేనే చెప్తానంది.

మర్నాడు మధ్యాహ్నం చదివే సిస్టర్ పీఠం దగ్గరికి వెళ్ళబోతుంటే వెబ్బమ్మ లేచి, తను వెళ్ళి నిలబడింది. పక్కన దుబాసీ. అందరూ అప్పటికే చేతులు జోడించుకుని ఉన్నారు. వెబ్బమ్మ పీఠం అంచు పట్టుకుని చెప్పింది.

"మీరు రోజూ లేచి నిలబడి వింటున్నది ప్రార్థన కాదు. మీ భాషలో చదివేవాళ్ళు లేరు, అందుకని మీ పేజీ మూసేశామని నేను రాసిన ప్రకటన. మీరు ఇంతమంది ఉన్నారని నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా చూడలేదు. నన్ను క్షమించండి."

దుబాసీ దాన్ని తన భాషలో చెప్పింది. ఈసారి ఒక్క వాక్యం కూడా పెంచలేదు. చదివే సిస్టర్ తెల్లమొహం వేసింది. ఇన్నాళ్ళూ తను ఎంత భక్తిగా చదివిందో తలుచుకుంటోంది కాబోలు. అప్పుడు వెనక నుంచి, వంటగది గుమ్మం దగ్గర నిలబడ్డ వంటావిడ కిసుక్కున నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. మనమే లేమట, దానికి మనమే ఆమెన్ అన్నామట అని ఎవరో అన్నారు. అంతే. హాలంతా నవ్వు. ముసలి సిస్టర్లు బల్ల పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. చివరికి చదివే సిస్టర్ కూడా ట్యాబ్ గుండెలకు హత్తుకుని నవ్వింది. వెబ్బమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

నవ్వు సద్దుమణిగాక కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉన్న ఒక పెద్దావిడ చెయ్యెత్తింది. ఆ ఇంట్లో అందరికంటే పెద్ద, అందరూ తాతమ్మ అంటారు. అయితే ఇన్నాళ్ళూ ఏం జరిగిందో మాకు తెలియదన్నమాట, ఇప్పుడు చెప్పమనండి అంది. ద్వీపంలో కడుతున్న బడికి పైకప్పు పడిందా? పడిందని వెబ్బమ్మ చెప్పింది. వాన రాకముందే పడిందా? ముందే. తుంటి ఎముక విరిగిన ఆ తోట సిస్టర్ నడుస్తోందా? కర్ర పట్టుకుని నడుస్తోంది, వద్దన్నా మళ్ళీ మొక్కలకు నీళ్ళు పోస్తోంది. సభలో చేరాలా వద్దా అని ఊగిసలాడిన ఆ కవల పిల్లల్లో ఎవరు చేరారు? ఒకతి చేరింది, ఒకతి పెళ్ళి చేసుకుంది, ఇద్దరూ సంతోషంగా ఉన్నారు. ఆ పాత నావికుల ఆసుపత్రి మూసేస్తారన్నారు కదా? మూయలేదు.

ప్రశ్నలు నలువైపుల నుంచీ వచ్చాయి. పళ్ళేల్లో కూర చల్లారిపోతోంది, ఎవరికీ పట్టలేదు. మౌనంగా తినాలన్న నియమం గాలికి పోయింది, ఇంటి పెద్ద సిస్టరే అందరికంటే ఎక్కువ అడుగుతోంది. వెబ్బమ్మ అడిగినదానికల్లా జవాబు చెప్తూనే ఉంది. చెప్తూ చెప్తూ తనకే ఆశ్చర్యం వేసింది. ఇవన్నీ తనకు తెలుసు. ఏ దేశంలో ఏ సిస్టర్‌కు ఏ నొప్పి ఉందో, ఏ బడి గంట పగిలిందో, అన్నీ తన చేతుల మీదుగానే పోయాయి. ఇస్త్రీ గదిలో కూర్చుని గళ్ళు సర్దుకుంటూ, ఎప్పుడెప్పుడు బయటపడదామా అని చూస్తున్న ఇన్నేళ్ళూ ఒక పెద్ద కుటుంబం కబుర్లన్నీ తన తలలో పేరుకున్నాయి. అవి వినడానికి ఇంతమంది కుర్చీలు లాక్కుని కూర్చుంటారని ఆమె కలలో కూడా అనుకోలేదు.

అందరి ప్రశ్నలూ అయ్యాయనుకుంటుండగా తాతమ్మ మళ్ళీ చెయ్యెత్తింది.

"అందరి సంగతీ చెప్పావు. నీ సంగతి ఎప్పుడూ ఆ పేజీలో రాలేదే. నువ్వెవరమ్మా?"

వెబ్బమ్మ దుబాసీ వైపు చూసింది. దుబాసీ ప్రశ్న అర్థం కాలేదేమోనని రెండోసారి చెప్పింది. నేను నర్సుని, కానుపులు చేసేదాన్ని, ఇప్పుడు చేయడం లేదు అంది వెబ్బమ్మ. ఎందుకు చేయడం లేదని తాతమ్మ అడిగింది. ఈ పేజీ చూసుకోవాలి కదా అని చెప్పింది. తాతమ్మ దుబాసీ వైపు కాకుండా తిన్నగా వెబ్బమ్మ వైపే చూస్తూ చెప్పింది.

"అయితే వెళ్ళి బిడ్డల్ని పుట్టించు. అది కూడా మాకు రాయి. ఇక్కడ మేం ఎప్పుడూ చావు కబుర్లే వింటాం."

తిరుగు ప్రయాణంలో వెబ్బమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఉన్నట్టుండి మదర్ గారి వైపు తిరిగి, నాకు వార్డు కావాలి, ఆ పేజీ కూడా ఉండాలి, రెండూ కావాలి అంది. ఎలా అన్నట్టు చూశారు మదర్ గారు. వెబ్బమ్మ వేళ్ళు మడుస్తూ చెప్పుకొచ్చింది. తన పొద్దంతా మింగేస్తున్నది భాషలు కాదు. గళ్ళు, రంగులు, కదిలే బొమ్మలు, ఆరేసి రకాల మెనూలు. వినేవాళ్ళకు అవెందుకు? చెవికి బొమ్మ కనపడదు కదా. అవన్నీ తీసేసి, తెల్లటి పేజీ మీద అచ్చంగా కబుర్లే పెడితే సగం పూటలో పని అయిపోతుంది. పొద్దున వార్డు, మధ్యాహ్నం పేజీ. చిన్న భాష ఎంత పొడుగొచ్చినా ఫరవాలేదు, గళ్ళే ఉండవు కాబట్టి. బయల్దేరే ముందే దుబాసీని అడిగిందట, మళ్ళీ చేస్తావా, నీ నిద్ర పోతుందేమో మరి అని. నిద్ర పట్టడం వేరు, బాగుండటం వేరు సిస్టర్ అందట ఆ పిల్ల.

పెద్దల సభలో ఒప్పుకోరేమో, వెబ్‌సైటు వెలవెలబోతోందంటారని మదర్ గారు అన్నారు. అంటే అననివ్వండి, వాళ్ళను కూడా ఒకసారి ఆ భోజనశాలకు తీసుకెళ్దాం అంది వెబ్బమ్మ. మదర్ గారు గట్టిగా నవ్వడం ఆమె అదే మొదటిసారి చూసింది. ఒప్పుకున్నట్టే అనుకోమన్నారు.

అనుకున్నట్టే జరిగిందని చెప్పలేం. పెద్దల సభలో కొందరు గొణిగారు, రంగుల బొమ్మలు ఏమయ్యాయని నిలదీశారు. కంపెనీ వాళ్ళు మూతులు ముడుచుకుని వెళ్ళిపోయారు. వార్డులో వెబ్బమ్మ చేతులు మొదట్లో కాస్త తడబడ్డాయి. తనకంటే చిన్న నర్సు పక్కన నిలబడి గుర్తుచేయాల్సి వచ్చింది, దానికి ఆమె రోషపడింది కూడా. కానీ ఒక పొద్దున ఎదురుకాళ్ళతో ఒక బిడ్డ వచ్చింది. అందరూ హడావిడి పడుతుంటే ఆ చేతులకు అన్నీ వాటంతటవే గుర్తొచ్చాయి.

ఆ మధ్యాహ్నం ఇస్త్రీ గదిలో కూర్చుని ఆమె పేజీ రాసింది. ఈ రోజు మన ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది, ఎదురుకాళ్ళతో వచ్చింది, తల్లీబిడ్డా క్షేమం, కానుపు చేసింది ఈ పేజీ రాసే సిస్టరే అని రాసి, అన్ని భాషలకూ పంపింది. అన్నీ వచ్చేశాయి. చిన్న భాష ఎప్పటిలాగే అందరికంటే ఆఖరున, అందరికంటే పొడుగ్గా వచ్చింది. వెబ్బమ్మ దాన్ని ఒక్క మాట కోయకుండా పెట్టేసింది.

మర్నాడు భోజనాల వేళ దాటాక దుబాసీ ఫోను చేసింది. ఆ ఇంట్లో ఆ కబురును రెండుసార్లు చదివించుకున్నారట, మేడ మీద మూడోసారి కూడా చదివించుకున్నారట. తాతమ్మ ఒక ప్రశ్న అడగమందట. బిడ్డ పుట్టగానే ఏడ్చిందా అని.

వెబ్బమ్మ అప్పుడే వార్డు నుంచి వచ్చింది, ఇంకా కోటు కూడా విప్పలేదు. కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకుని చెప్పింది.

"వెంటనే ఏడవలేదు. కొంచెంసేపు మమ్మల్ని భయపెట్టింది. తర్వాత వార్డంతా వినపడేలా ఏడ్చిందని చెప్పు."